లాక్స్టన్ పొలాలకు కంచెలు లేకపోవడం మేలా, వెనకబాటా?

నాటింగ్‌హామ్_రైతుబిడ్డ:
ఇంగ్లండులో మా దగ్గర్లోని లాక్స్టన్ పల్లె చూసొచ్చాను. మూడు పెద్ద పొలాలు, వాటిలో రైతుల భూమి చెక్కలన్నీ పక్కపక్కనే, మధ్యలో కంచె లేదు. ఒకదాంట్లో శీతాకాలపు గోధుమ, ఒకదాంట్లో వసంతంలో వేసే పైరు, ఒకటి బీడు. ఏటా మారతాయి. 1604 నుంచి 1914 దాకా 5,200కు పైగా చట్టాలతో ఇంగ్లండులో సుమారు 68 లక్షల ఎకరాల ఉమ్మడి పొలాల్ని, బంజర్లని విడగొట్టి ఎవరి వాటా వాళ్ళకి పంచారు, వాటికి కంచెలు పడ్డాయి. ఈ ఊరు తప్పించుకుంది. ఉమ్మడి భూమి ఇలా మిగలడం మంచిదే అంటాను. మీరేమంటారు?

పొలంగట్టు:
నేను ఒప్పుకోను. మా నాన్న భూమి అయిదు చోట్ల ఉండేది, తిరగడానికే పొద్దు సరిపోయేది. అక్కడా అంతే. ఒకడు టర్నిప్పు వేద్దామన్నా, నీరు పోయేలా కాలువ తీద్దామన్నా ఊరంతా ఒప్పుకోవాలి. కమతం ఒక్కచోట ఉంటేనే రైతు ధైర్యంగా పెట్టుబడి పెడతాడు.

తుంగభద్ర:
పొలంగట్టు గారూ, కంచెలతో పంట పెరగలేదని నేననను. కానీ ఆ చట్టాల కింద పంపకాలు చేసిన కమిషనర్లు చట్టం ఒప్పుకునే హక్కులే చూశారు. బంజరులో ఆవును మేపుకుని కట్టెలు ఏరుకునే కూలీకి చాలాచోట్ల ఏమీ దక్కలేదు. చెక్క దక్కిన చిన్నరైతుల్లో కూడా కంచె ఖర్చు, సర్వే ఖర్చు మోయలేక అమ్ముకున్నవాళ్ళున్నారు. నన్ను బాధపెట్టేది అదే.

రైతుబిడ్డ గారూ, మీ మాటలో ఒక్క సవరణ. లాక్స్టన్ ఉమ్మడి భూమి కాదు, అక్కడ సాగు చేసేది కౌలురైతులు. 1635లో మార్క్ పియర్స్ ఒక్కో చెక్కా కొలిచి పటం గీసింది కూడా భూస్వామి కోసమే. తర్వాత అది మాన్వర్స్ ప్రభువులది. 1952లో వ్యవసాయ శాఖ కొంది, 1981లో రాచరికపు భూములు చూసే క్రౌన్ ఎస్టేట్‌కు వెళ్ళింది, 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ అనే ప్రైవేటు ఎస్టేటు కొంది. ఉమ్మడిగా మిగిలింది సాగు కట్టుబాటు. ఏటా చలికాలం మొదట్లో రైతుల జ్యూరీ, అంటే ఎంపికైన రైతుల బృందం, గోధుమ వేసిన పొలమంతా తిరిగి, హద్దులు చూసి కర్రలు పాతుతుంది. దారిలోకి దున్నినవాడికి ఊరి కోర్టు జరిమానా వేస్తుంది.

పొలంగట్టు:
జరిమానా వేసేది రైతులే అయితే అది నాకూ నచ్చింది. కౌలు ఎంతో తేల్చేటప్పుడు మాత్రం ఆ జ్యూరీ మాట చెల్లదు కదా?

తుంగభద్ర:
చెల్లదు. అది యజమానికీ కౌలుదారుకీ మధ్య వ్యవహారం. అందుకే 2020 అమ్మకం నాకు చిన్న విషయంగా అనిపించలేదు.