విజయనగరం టౌన్‌లో ఐదు గేదెల మీద ఇద్దరు బతకగలరా?

దాసన్నపేట కుర్రాడు:

అందరికీ నమస్తే. మాది విజయనగరం, దాసన్నపేట వైపు. ఇంటి వెనక శాలలో నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ గేదెలున్నాయి, నాన్న పోయాక అమ్మ ఒక్కతే చూసుకుంటోంది. ఇప్పుడు రెండున్నాయి, ఒకటి పాలిస్తోంది, ఇంకోటి చూడితో ఉంది. నేను హైదరాబాద్‌లో ఒక గోడౌన్‌లో ఆరేళ్లు చేసి పోయిన నెల వచ్చేశాను. జీతం పద్దెనిమిది వేలు, గదికీ తిండికీ పోగా ఇంటికి పంపింది ఏ నెలా ఎనిమిది వేలు దాటలేదు, పైగా నైట్ డ్యూటీలు. మళ్లీ వెళ్లాలని లేదు.

ఇంకో మూడు గేదెలు కొని ఐదు చేసి ఇదే పనిగా పెట్టుకోవాలని ఆలోచన. మా వీధుల్లో గేదె పాలు ఇంటికి తెచ్చి పోస్తే లీటరుకి 80 ఇస్తున్నారు, కొత్తగా అడిగేవాళ్లూ ఉన్నారు, చాలడం లేదని అమ్మే వెనక్కి పంపేస్తోంది. కానీ రెండు చిక్కులు. మా పక్క ఖాళీ స్థలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి, పేడ కాలువలోకి పోతోందని, దోమలని కంప్లయింట్ ఇచ్చారు, ఒకసారి నోటీసు కూడా వచ్చింది. రెండోది, అమ్మ వద్దంటోంది. ఉన్నవి కూడా అమ్మేసి ఏదైనా ఉద్యోగం చూసుకోమంటుంది, ఎందుకని అడిగితే చెప్పదు. ఈ పని చేస్తున్నవాళ్లు ఎవరైనా లెక్కలతో చెప్పండి. టెన్షన్‌గా ఉంది, దసరా లోపు తేల్చుకోవాలి.

శ్రీకాకుళం పాలకేను:

తమ్ముడూ, నేను శ్రీకాకుళంలో పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. నా లెక్క చెబుతాను, నీకు కొంచెం అటూ ఇటూ అవ్వచ్చు. ఐదు గేదెలుంటే ఐదూ ఏ రోజూ పాలివ్వవు, మూడు ఇస్తుంటే బాగున్నట్టు, మిగతా రెండూ చూడివో వట్టిపోయినవో ఉంటాయి. మూడింటికీ సగటున ఏడేసి లీటర్లంటే ఇరవై ఒకటి, ఒకటి ఇంట్లోకి ఉంచుకుని ఇరవై అమ్మితే 80 చొప్పున 1600. ఇక ఖర్చు చూడు, పాలిచ్చేదానికి దాణా రోజుకి ఐదు కిలోలు, కిలో 30 అనుకున్నా మూడింటికి 450, పాలివ్వని రెండింటికి రెండేసి కిలోలు 120, ఎండుగడ్డీ పచ్చిగడ్డీ కలిపి ఒక్కోదానికి 80 చొప్పున 400. మొత్తం 970. చేతిలో మిగిలేది 630, అందులోంచే మందులు, కరెంటు, ఇన్సూరెన్స్, అప్పు తెస్తే దాని వాయిదా.

అవే పాలు డెయిరీ వాళ్లు కొనే సెంటర్‌కి పోసి, వెన్న శాతం చూసి 55 కట్టారనుకో, వచ్చే 1100లో 970 పోతే 130 మిగులుతుంది. ఆ 500 తేడా నువ్వు పొద్దున్నే బండి మీద ఇంటింటికీ తిరిగినందుకు వచ్చే కూలి. అందుకే టౌన్ దాటి మరీ దూరం పోవద్దంటాను, వాడుక ఇళ్లకి ఏడు లోపు పాలు చేరకపోతే వాళ్లు ప్యాకెట్‌కి అలవాటు పడిపోతారు, ఒకసారి పోయిన ఇల్లు మళ్లీ రావడం కష్టం.

గడ్డి మాట ముందే చూసుకో. కోతలయ్యాక, డిసెంబరు, జనవరిలో ఏడాదికి సరిపడా కట్టలు కొని తడవని చోట వేసుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపు మా చుట్టాల గడ్డికుప్పలు నానిపోయి బూజు పట్టాయి, ఆ ఏడాది వాళ్లు రెండు గేదెలు అమ్ముకున్నారు, మేత లేక.

గరివిడి పట్టా:

నేను గరివిడిలో పశువైద్యం చదివాను, ఇప్పుడు ఫీల్డ్‌లో ఉన్నాను. పైన అన్న చెప్పిన లెక్క దగ్గరదగ్గరగా సరైనదే, అయితే ఐదింట్లో మూడు పాలలో ఉండటం దానంతటదే జరగదు. గేదె చూడి కాలమే సుమారు 310 రోజులు. ఈనిన మూడు నాలుగు నెలల్లో మళ్లీ చూడి కట్టకపోతే వట్టిగా మేపే రోజులు పెరిగిపోతాయి. గేదెల్లో మూగ ఎద ఎక్కువ, అంటే చూడి కట్టే అదనుకు వచ్చినా పైకి తెలియదు, వేసవిలో మరీను, అరవదు, జిగురు తీగలు మాత్రం వేస్తుంది, పొద్దునా సాయంత్రం దగ్గరుండి చూసేవాళ్లకే తెలుస్తుంది. అందుకే మూడూ ఒకేసారి కొనకండి. నాలుగైదు నెలల ఎడంతో కొంటే ఈనికలు కూడా ఎడంగా వస్తాయి, వాడుక ఇళ్లకు ఏడాదంతా పాలు ఆగవు. దాణాకీ మేతకీ అప్పు కావాలంటే బయట వడ్డీకి పోకుండా బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి, పశువుల పోషణ ఖర్చుకు కూడా ఇస్తున్నారు, 2025 జనవరి నుంచి 2 లక్షల వరకు తాకట్టు అక్కర్లేదు, గడువులో కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది.

పేడ సంగతి. పక్కింటివాళ్ల మీద కోపం తెచ్చుకోకండి, వాళ్లు అన్నది నిజం. ఒక్కో గేదె రోజుకి 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది, ఐదింటికి రోజుకి దాదాపు క్వింటాలు. అది కాలువలో పడితే వీధి మొత్తానికి కష్టమే. డెయిరీల పేడ కాలువల్లో వదలకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్‌కి రోజుకి 50 కిలోల పేడ చాలు, మిగతాది డెంకాడ, గంట్యాడ వైపు కూరగాయలు పండించే రైతులు గత్తంగా తీసుకెళ్తారు, వారానికోసారి ట్రాక్టర్ మాట్లాడుకోవచ్చు.

ముంబైలో 1949లోనే ఆరే కాలనీ కట్టి సిటీలోని గేదెల్ని అక్కడికి మార్చారు. శాలలు, నీళ్లు, మేతకు పొలం అన్నీ ఉన్నాయి కాబట్టి పాలవాళ్లు వెళ్లగలిగారు. మన టౌన్ అంచున అలాంటి చోటు ఒకటి చూపించమని మీలాంటివాళ్లు పది మంది కలిసి వార్డు మీటింగుల్లో అడగాలి, ఒక్కరే అడిగితే పని జరగదు.

టెక్కలి టు నైరోబి:

నేను టెక్కలి వాడిని, నైరోబిలో తొమ్మిదేళ్లు ఉన్నాను. అక్కడా టౌన్ అంచుల్లో ఇళ్ల వెనక రెండు మూడు ఆవులు కట్టేసి మేపుతారు. నేను గమనించింది ఏమిటంటే ఆ ఆవుల మీద బతికేది ఆ ఇంటివాళ్లు ఒక్కరే కాదు. రోడ్డు పక్కన నేపియర్ గడ్డి కట్టలు అమ్మేవాడు, క్యాన్లు సైకిల్ మీద మోసేవాడు, టీ కొట్టు ఆమె, పేడ కొనే కూరగాయల రైతు, అందరికీ అందులోంచే పని. ఒకప్పుడు విడి పాలు అమ్మేవాళ్లని పట్టుకుని పాలు పారబోసేవారట. 2004 ప్రాంతం నుంచి అక్కడి డెయిరీ బోర్డు పద్ధతి మార్చుకుని, చిన్న పాలవాళ్లకి శుభ్రత మీద ట్రైనింగ్ ఇచ్చి సర్టిఫికెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ప్లాస్టిక్ డబ్బాలు మానేసి మూతి వెడల్పు ఉన్న అల్యూమినియం క్యాన్లు వాడమన్నారు, లోపల చెయ్యి పెట్టి తోమడానికి వీలుగా.

మన దేశంలో 2023-24లో దాదాపు 23.9 కోట్ల టన్నుల పాలు వచ్చాయి. అందులో పెద్ద భాగం నీలాంటి రెండు మూడు పశువుల ఇళ్ల నుంచే వచ్చింది. కాబట్టి ఇది చిన్న పని అని ఎవరైనా అంటే మనసులో పెట్టుకోకు తమ్ముడూ.

నెల్లిమర్ల ఆడపడుచు:

అందరూ గేదె తినేది లెక్క కట్టారు, అమ్మ చేసే పని ఎవరూ కట్టలేదు. అందుకే రాస్తున్నాను.

మా ఇంట్లోనూ పాడి ఉండేది. నాన్నది మిల్లు పని, ఆయన జీతం రోజు ఇంట్లో అందరికీ గుర్తు. అమ్మ పాల డబ్బు రోజూ వచ్చి రోజే పోయేది, మా ఫీజులకీ, కూరకీ, నూనెకీ. మా స్కూల్ ఫారాల్లో మాత్రం అమ్మ పేరు పక్కన "గృహిణి" అని రాశాం, నా చేత్తో నేనే రాశాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పేడ ఎత్తి, కుడితి పెట్టి, పాలు తీసి, మళ్లీ మధ్యాహ్నం గడ్డికి పోయి, సాయంత్రం మళ్లీ పాలు తీసేది. ఇరవై రెండేళ్లలో ఆమె పుట్టింట్లో రాత్రి పడుకున్నది వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

బాబూ, ఆ 630ని ఇద్దరికి పంచితే 315. టౌన్‌లో ఇంటి కట్టుబడికి వెళ్లే ఆడకూలీకి అంతకన్నా ఎక్కువే ఇస్తారు, ఆమెకి ఆదివారం కూడా ఉంటుంది. నేను మానేయమనడం లేదు. పుస్తకంలో మొదటి గీత అమ్మ కూలి రాయి, దాణా దాని తర్వాత రాయి, ఆ డబ్బు అమ్మ ఖాతాలో వెయ్యి. అప్పటికీ మిగిలితే మూడో గేదె కొను. ముందు అమ్మని కూర్చోబెట్టి ఎందుకు వద్దంటోందో మెల్లిగా అడుగు, శాలలో కాదు, పని లేని వేళ చూసి అడుగు.

దాసన్నపేట కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, నిన్న రాత్రి అన్నం తిన్నాక అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత కుడి చెయ్యి చూపించింది. బొటనవేలు సరిగా చాపలేకపోతోంది, పొద్దున లేవగానే పది నిమిషాలు వేడినీళ్లలో పెడితే గాని పాలు తీయలేకపోతోందట. నాకు ఇన్నాళ్లూ తెలీదు. చెల్లి పురుడప్పుడు ఒక్క రాత్రి కూడా హాస్పిటల్లో ఉండలేకపోయింది, పాత గేదె అమ్మ చెయ్యి తప్ప ఎవరి చేతికీ చేపదు, పాలు వదలదు కాబట్టి. "ఐదు అయితే నేను లేవలేనురా, నీకు చెబితే నువ్వు మళ్లీ హైదరాబాద్ పోతావని చెప్పలేదు" అంది.

ఐదు మాట ప్రస్తుతానికి పక్కన పెట్టాను. చూడిది కార్తీకంలో ఈనుతుంది, ఈ లోపు ఒక్కటే కొంటాను. పాలు పితకడం నేనే నేర్చుకుంటాను. ఇవాళ పొద్దున ప్రయత్నిస్తే అరలీటరు కూడా రాలేదు, గేదె కాలు ఎత్తేసింది. డాక్టర్ గారూ, చెయ్యి మార్చడం ఎలా?

గరివిడి పట్టా:

మార్చచ్చు, రెండు మూడు వారాలు పడుతుంది. మొదట వారం అమ్మ పక్కనే నిలబడండి, దాణా పెట్టడం, పొదుగు గోరువెచ్చని నీళ్లతో కడగడం మీరే చెయ్యండి, మీ వాసన, మీ గొంతు అలవాటు కావాలి. తర్వాత అమ్మ చేపించాక చివరి పాలు మీరు తీయండి, రోజురోజుకీ కొంచెం ముందు నుంచి అందుకోండి. చేపు కోసం ఇంజెక్షన్ మాత్రం ఎవరు చెప్పినా వద్దు. ఇంకో మాట, బొటనవేలు లోపలికి మడిచి పితికే అలవాటు మన వైపు చాలామందికి ఉంది, దానివల్ల చనులకీ దెబ్బ, వేలికీ నొప్పి. నిండు గుప్పిటతో పితకండి. అమ్మగారి చేతిని ఒకసారి ఎముకల డాక్టర్‌కి చూపించండి, ఆలస్యం చెయ్యకండి.

శ్రీకాకుళం పాలకేను:

తమ్ముడూ, ఒక్కటే కొంటున్నావు కాబట్టి తొందరపడకు. అలమండ సంతకి గాని మానాపురం గాని వెళ్లేటట్టయితే రెండు రోజుల ముందు ఇక్కడ రాయి, నేనూ వస్తాను. సంతలో పొదుగు నిండుగా కనబడాలని ఒక పూట పాలు తీయకుండా తెస్తారు, అది చూసి మోసపోతారు చాలామంది. బేరం కుదిరినా బయానా ఇవ్వకు, అమ్మేవాళ్ల ఊరు వెళ్లి రెండు పూటలు మన ఎదుట పితికించి, మూడో పూట నువ్వే పితికి చూసి, అప్పుడు డబ్బు తియ్యి. అమ్మని కూడా తీసుకురా, ఆమె చూసే చూపు మనకి రాదు.