ముందుకు వంగాలంటే నొప్పి ఓర్చుకోవాల్సిందేనా?

నిదానం: ఆరు నెలలుగా రోజూ స్ట్రెచింగ్ చేస్తున్నాను. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగితే చేతులు పిక్కల దగ్గరే ఆగిపోతున్నాయి. క్లాసులో ఏమో నొప్పి మొదలయ్యాకే అసలు స్ట్రెచ్ అంటున్నారు. నిజమేనా? ఎంతసేపు అలా ఉండాలి?

సూర్య_ట్రైనర్: నిజమే. పదిహేనేళ్లుగా నేర్పిస్తున్నాను, నొప్పి తెలియకుండా వంగినవాళ్లను చూడలేదు. రెండు నిమిషాలైనా ఉండాలి.

పరుగు42: రెండు నిమిషాలా! ఒకే కండరాన్ని 60 సెకన్లు దాటి కదలకుండా సాగదీసి వెంటనే పరుగెత్తితే కాళ్లలో బలం తగ్గుతుంది. 10 నుంచి 30 సెకన్లు చాలు.

సూర్య_ట్రైనర్: ఆయన అడిగింది వంగడం గురించి. పరుగు ఊసు ఎవరెత్తారు?

పరుగు42: అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ చెప్పేదీ అదే. వయసు పైబడిన వాళ్లకే 30 నుంచి 60. రెండు నిమిషాలని ఎక్కడుందో చూపించండి.

వానచినుకు: ఒళ్లు వేడెక్కాక చేస్తే నాకు తేలిగ్గా ఉంటుంది.

కీలుబొమ్మ: సెకన్ల లెక్క కాసేపు ఆపండి. మా క్లాసులో నన్ను ముందుకు వంచి వీపు మీద చెయ్యి వేసి నొక్కారు. పిరుదు కింద, కూర్చుంటే ఆనే ఎముక దగ్గర టప్‌మంది. హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం, అక్కడే అతుక్కుని ఉంటుంది. ఎనిమిది నెలలు సరిగ్గా కూర్చోలేకపోయాను. మొదటి వారాల్లో మనం ఎక్కువ వంగడానికి కారణం కండరం పొడవు పెరగడం కాదండీ, ఆ లాగుడును నాడులు ఓర్చుకోవడం నేర్చుకోవడమే. భయపెట్టి నొక్కితే కండరం ఇంకా బిగుసుకుంటుంది. ఇక తొడ ఎముక తల ఇమిడే తుంటి గిన్నె లోతు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. ఎముకకు ఎముక తగిలాక ఎంత లాగినా కదలదు. నాలాంటి వదులు కీళ్ల వాళ్లకైతే లాగుడు లిగమెంట్ల మీద, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీల మీద పడుతుంది. అవి సాగితే కండరంలా మళ్లీ బిగువు రాదు.

సూర్య_ట్రైనర్: ఒక్కరికి దెబ్బ తగిలిందని అందరి క్లాసులూ తప్పా?

కీలుబొమ్మ: మూడుసార్లు ఆపమన్నాను.

సూర్య_ట్రైనర్: ఆపమన్న ప్రతిసారీ ఆపితే ఎవరూ ముందుకు పోరు. ఎంతవరకు తట్టుకోగలరో నేర్చుకునేవాళ్ల కన్నా నేర్పేవాళ్లకే బాగా తెలుస్తుంది.

కీలుబొమ్మ: ఇందాకటి నుంచి నాకు మింగుడుపడనిది ఈ మాటే. నా తొడలో ఏం జరుగుతోందో మీ చేతికి ఎలా తెలుస్తుంది? 30 సెకన్లా, రెండు నిమిషాలా అన్నది నాకు అనవసరం. ఆపు అన్నప్పుడు చెయ్యి తీస్తారా, తీయరా?

పరుగు42: దీనికి నేనూ ఒప్పుకుంటాను. సెకన్ల మాటకు మాత్రం కట్టుబడే ఉన్నా.

నిదానం: ఒకటి అడగాలి. వంగినప్పుడు నాకు తొడ వెనక నుంచి పాదం దాకా తిమ్మిరి పాకుతుంది. అది కూడా స్ట్రెచ్చేనా?

కీలుబొమ్మ: కాదు. కండరం లాగితే తొడ మధ్యలో తెలుస్తుంది. పాదం దాకా తిమ్మిరి పాకుతోందంటే లాగుడు నరం మీద పడుతున్నట్టుంది. అలా వంగడం ఆపేసి డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించుకోండి.

సూర్య_ట్రైనర్: తిమ్మిరి ఉంటే నేనూ ఆపమనేవాణ్ణి. మీ క్లాసులో ముందే చెప్పాల్సింది.

నిదానం: చెప్పానండీ. రెండుసార్లు.