డీమార్ఫ్‌లో మధ్య ఫ్రేముల్లో నాలుగు కళ్లు: మెష్ ఎలా సర్దాలి?

ప్రశ్న: ఒక బొమ్మను మెల్లగా మరో బొమ్మగా మార్చే పాత డాస్ ప్రోగ్రాం డీమార్ఫ్‌ను డాస్‌బాక్స్‌లో (ఇప్పటి కంప్యూటర్లో డాస్ ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నాను. రెండు ముఖాల ఫొటోలు, 320×200 సైజు, 30 ఫ్రేములు. మొదటి ఫ్రేమూ చివరిదీ బాగున్నాయి. నడుమ మాత్రం నాలుగు కళ్లు, రెండు నోళ్లు కనిపిస్తున్నాయి. ఫ్రేములను ఎఫ్ఎల్ఐ (పాత యానిమేషన్ ఫైలు) చేశాక చర్మం రంగు మిణుకుమంటోంది. ఏం మార్చాలండీ?

జవాబు: నాలుగు కళ్లకు కారణం మెష్ అండీ, అంటే ఫొటో మీద పరిచే అడ్డగీతల, నిలువుగీతల వల. ప్రోగ్రాం ముందు రెండు ఫొటోలనూ మధ్యలోని ఒకే ఆకారానికి లాగుతుంది, అది వార్ప్. ఆ తర్వాత రెంటినీ కలుపుతుంది, అది డిజాల్వ్. కన్ను ఏదో దానికి తెలియదు. మొదటి ఫొటోలో మూడో అడ్డగీత, నాలుగో నిలువుగీత కలిసే చోటును తీసుకెళ్లి రెండో ఫొటోలో అదే చోటికి జోడిస్తుంది. ఇక్కడ కంటి కొస, అక్కడ కనుబొమ ఉంటే రెండూ పక్కపక్కనే తేలతాయి.

కనుబొమలు, కంటి కొసలు, ముక్కు అడుగు, పెదవులు కలిసే గీత, గడ్డం, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు: వీటన్నిటికీ ఒక్కో అడ్డగీత ఇవ్వండి. రెండు కళ్ల లోపలి కొసలకు, బయటి కొసలకు, చెంపల అంచులకు నిలువుగీతలు. రెండు మెష్‌లలోనూ గీతల లెక్క ఒకటే ఉండాలి. పక్క గీతను దాటి బిందువును లాగితే బొమ్మ అక్కడ మడతపడి చారలుగా చిరుగుతుంది. ముఖం బయట చుట్టూ ఒక వరుసను రెండు ఫొటోల్లోనూ దాదాపు ఒకే చోట నిలిపితే వెనకున్న గోడ ముఖంతోపాటు సాగదు.

30 ఫ్రేములూ చేసి చూడక్కర్లేదు. 3 ఫ్రేములే పెట్టి మధ్యది చూడండి. సగం దగ్గర ముఖం ఒక్కటిగా నిలిస్తే మిగతావి చాలావరకు వాటంతటవే కుదురుతాయి.

మరో జవాబు: మెష్ జోలికి వెళ్లేముందు ఫొటోలు సర్దుకోండి. జింప్ అనే బొమ్మల ఎడిటర్లో తిప్పి, సైజు మార్చి, కనుపాపలు రెంటిలోనూ ఒకే చోటికి తెస్తే సగం పని తగ్గుతుంది. 320×200 బొమ్మ పాత 4:3 తెర మీద నిలువుగా సాగుతుంది కాబట్టి ముందు 320×240కి కత్తిరించి, ఆ తర్వాత ఎత్తును 200కి నొక్కండి. డీమార్ఫ్‌కు ఇచ్చే టార్గా (.tga) ఫైలుగా దాచేటప్పుడు ఆల్ఫా చానల్ (పారదర్శకత సమాచారం) తీసేసి, ఆర్ఎల్ఈ (కుదింపు) టిక్కు తీసి 24 బిట్‌గా ఇవ్వడం మేలు. బొమ్మ తలకిందులుగా తెరుచుకుంటే ఆరిజిన్‌ను (వరుసలు పైనుంచి మొదలవ్వాలా, కిందనుంచా అన్న సెట్టింగు) మార్చి మళ్లీ దాచండి. ఒక్కో ఫ్రేము కనీసం 1,92,018 బైట్లు వస్తుంది, అందులో 18 హెడరువి. సైజు ఇంతకు తక్కువగా ఉంటే కుదింపు ఇంకా ఉందన్నమాట. ఫైలు పేరు 8 అక్షరాలు మించకూడదు.

మిణుకు గురించి: ఎఫ్ఎల్ఐలో ఒక ఫ్రేముకు 256 రంగులే. ప్రతి ఫ్రేముకూ విడిగా పాలెట్ (వాడే రంగుల పట్టిక) కడితే బుగ్గ రంగు ప్రతిసారీ కాస్త జరుగుతుంది. మొదటి, మధ్య, చివరి ఫ్రేములను ఒకే బొమ్మగా అతికించి, దాన్నుంచి ఒక్క పాలెట్ తీసి అన్నిటికీ అదే వాడండి. ఫ్లాయిడ్-స్టైన్‌బర్గ్ డిథరింగ్ (లేని రంగును దగ్గరి రంగుల చుక్కలతో చూపే ఒక పద్ధతి) ఇక్కడ వద్దు. దాని చుక్కలు ఫ్రేము ఫ్రేముకూ చోటు మారి చీమలు పాకినట్టుంటాయి. పైగా ఎఫ్ఎల్ఐ మారిన పిక్సెళ్లనే దాస్తుంది కనుక ఫైలు కూడా ఉబ్బుతుంది. చుక్కలను ఒకే స్థిరమైన నమూనాలో పెట్టే ఆర్డర్డ్ డిథరింగ్ నిలకడగా ఉంటుంది.

ప్రశ్న: కళ్లు కుదిరాయి, రంగూ నిలిచింది. కానీ ఒక ఫొటోలో పళ్లు కనిపించేలా నవ్వు, రెండోదాంట్లో నోరు మూసి ఉంది. మధ్యలో పళ్లు పెదవుల మీద తేలుతున్నాయి.

జవాబు: నోటికి ఒక్క అడ్డగీత చాలదండీ, రెండు కావాలి. నవ్వే ఫొటోలో ఒకటి పైపెదవి కింది అంచున, రెండోది కిందిపెదవి పై అంచున. మూసిన నోట్లో ఆ రెంటినీ దగ్గరికి తెచ్చి, మధ్య ఒకటి రెండు పిక్సెళ్ల ఎడం ఉంచండి. ఒకదాన్నొకటి దాటకూడదు. అప్పుడు పెదవులు మూసుకుంటుంటే పళ్లు వాటి మధ్యే నలిగి సన్నబడతాయి. వేరే ఫొటో దొరికితే మాత్రం రెండూ మూసిన నోళ్లే తీసుకోండి. మెష్ ఎంత బాగా కట్టినా, రెండో ఫొటోలో లేని పళ్లకు జోడీ దొరకదు.