నిషేధం ఉన్నా మా తమ్ముడి జీతమంతా పందేలకే పోయింది. బెట్టింగ్ యాప్‌లకి లైసెన్సు ఇవ్వాలా, పూర్తిగా మూయించాలా?

గాజువాక ఆడపడుచు:

మా తమ్ముడికి ఇరవయ్యారేళ్ళు. ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పని, నెలకి పద్దెనిమిది వేలు. పోయిన శనివారం అమ్మ గొలుసు కుదువ పెట్టేశాడని తెలిసింది. నిలదీస్తే ఫోను నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

బ్యాంకు స్టేట్‌మెంటు చూశాను. ఒక్క రాత్రి సంగతి చెబుతాను. 11.42కి 200. 11.50కి 500. 12.05కి మళ్ళీ 500. ఆ తర్వాత వెయ్యి, రెండు వేలు, ఇంకో రెండు వేలు. 1.20కి వాడి ఖాతాలోకి 3,400 వచ్చాయి. మూడు గంటలకల్లా అవీ పోయాయి, మధ్యలో లోన్ యాప్ నుంచి తీసుకున్న ఐదు వేలూ పోయాయి. ఆ డబ్బు ఏ కంపెనీ పేరుకీ వెళ్ళలేదు. ఒకసారి ఎవరిదో పేరు, ఒకసారి కిరాణా కొట్టు, ఒకసారి టైలరింగ్ షాపు.

మన ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ జూదం 2020 నుంచీ నిషేధం. 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అయినా మా ఇంట్లో ఇలా జరిగింది. నిషేధం పనిచెయ్యకపోతే లైసెన్సులిచ్చి కట్టడి చెయ్యడమే నయమా? తెలిసినవాళ్ళు చెప్పండి. వాణ్ణి తిట్టడానికైతే రాయొద్దు, తిట్లు చాలా తినేశాడు.

సీతమ్మధార వకీలు:

అమ్మా, ముందు చట్టం సంగతి చెబుతాను. 1968లో మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు పదమూడు ముక్కల రమ్మీలో నైపుణ్యం పాలే ఎక్కువని చెప్పింది. 1996లో గుర్రప్పందేల మీద కూడా అలాంటి తీర్పే వచ్చింది. నైపుణ్యం ఉన్న ఆట జూదం కాదన్న ఆ మాటను పట్టుకునే యాప్‌లు ఇంతగా పెరిగాయి. 2020లో మన ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్‌లను కూడా నిషేధంలోకి తెచ్చింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న ప్రశ్ననే పక్కన పెట్టేసింది. ఆన్‌లైన్‌లో డబ్బు కాసి ఆడేది ఏదైనా నిషేధమే. నడిపేవాళ్ళకి మూడేళ్ళ వరకు జైలు, కోటి వరకు జరిమానా. ప్రకటనలిచ్చేవాళ్ళకి రెండేళ్ళు, యాభై లక్షలు. ఆ చట్టంలో ఆడేవాళ్ళకి శిక్ష లేదు. మన రాష్ట్ర సవరణలో మాత్రం ఆడినవాళ్ళకీ ఆరు నెలల వరకు ఉంది. ఆ భయంతోనే చాలామంది మోసపోయినా స్టేషన్ గుమ్మం ఎక్కరు.

నా మట్టుకు నాకు లైసెన్సే సరైనదనిపిస్తుంది. బ్రిటన్‌లో ఒక సంస్థ దీన్నంతా చూస్తుంది. క్రెడిట్ కార్డుతో పందెం కాయడం 2020 ఏప్రిల్ నుంచి అక్కడ కుదరదు. పందెం షాపుల్లోని మిషన్ల మీద ఒక్కో ఆటకి 100 పౌండ్ల వరకు పెట్టనిచ్చేవాళ్ళు, 2019లో దాన్ని 2 పౌండ్లకి దించారు. నన్ను ఆడనివ్వొద్దని ఒక్కచోట పేరు రాయించుకుంటే లైసెన్సున్న సైట్లన్నీ తలుపులు మూయాలి. మీ తమ్ముడు ఆడిన సైటుకి నోటీసు పంపాలంటే ఏ చిరునామాకి పంపుతారు?

కంచరపాలెం కుర్రాడు:

అక్కా, నేను మూడేళ్ళు ఆడాను. మానేసి ఏడు నెలలైంది. అందుకే రాస్తున్నా.

నేను మొదలుపెట్టింది 49 రూపాయల క్రికెట్ టీముతో. మన రాష్ట్రంలో ఉంటే ఆ యాప్ డబ్బు ఆట తెరిచేది కాదు. లొకేషన్ బెంగళూరులో ఉన్నట్టు చూపించడం ఒక ఫ్రెండు రెండు నిమిషాల్లో నేర్పేశాడు. 2025లో కేంద్ర చట్టం వచ్చాక పెద్ద యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. మా వాట్సాప్ గ్రూపులో నలభై మందిమి. సగం మంది ఆ వారంలోనే మానేశారు. నిజంగానే మానేశారు, దొంగచాటుగా కూడా ఆడలేదు. చేతికందే దూరంలో లేకపోతే వాళ్ళకి అక్కర్లేదు. కాబట్టి నిషేధం వల్ల ఏమీ జరగలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మిగిలినవాళ్ళం ఐడీల వైపు వెళ్ళాం. టెలిగ్రామ్‌లో మెసేజ్ పెడితే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్తారు. డబ్బు వెయ్యడానికి ఒక నంబరు, తీసుకోవడానికి ఇంకో నంబరు. వేసిన డబ్బు పాయింట్లుగా కనిపిస్తుంది. అక్కడే మనసు మారిపోద్ది. రెండు వేలంటే మా నాన్న మూడు రోజులు మూటలు మోసిన కూలి. రెండు వేల పాయింట్లంటే ఏమీ అనిపించదు. మొదటిసారి గెలిచిన 800 ఐదు నిమిషాల్లో వేసేశారు. నమ్మకం కుదిరింది. తర్వాత 22 వేలు గెలిచినప్పుడు సర్వర్ పని జరుగుతోందని రెండు రోజులు తిప్పారు. ఆ రెండు రోజుల్లో ఆ పాయింట్లన్నీ నేనే మళ్ళీ ఆడేసి పోగొట్టుకున్నా. వాళ్ళకి కావలసిందీ అదే.

గెలుపోటముల మీదే కాదు, ఆరు ఓవర్లకి ఎన్ని పరుగులు, తర్వాతి బంతికి ఏమవుద్ది, అన్నిటికీ రేటు ఉంటుంది. ఒకసారి మధురవాడ స్టేడియంలో మ్యాచ్‌కి టికెట్ దొరికింది. చిన్నప్పటి నుంచి చూడాలని కోరిక. వికెట్ పడింది, చుట్టూ అందరూ లేచి అరుస్తున్నారు. నేను ఫోన్లో రేటు ఎంతకి మారుద్దా అని తల దించుకుని కూర్చున్నా. ఎవరు అవుటయ్యాడో పక్కవాణ్ణి అడిగి తెలుసుకున్నా.

వకీలు గారూ, మీరన్న లైసెన్సు వస్తే ఐడీలు పోతాయని నాకు నమ్మకం లేదు. 49 రూపాయల తలుపు మాత్రం మళ్ళీ తెరుచుకుంటుంది. నేను లోపలికి వెళ్ళింది ఆ తలుపులోంచే.

మద్దిలపాలెం మాస్టారు:

బాబూ, నీ మాట విన్నాక ఈ మాట అనడం కష్టంగానే ఉంది, అయినా అనాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1995లో మన రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఆ రెండేళ్ళూ ఒడిశా వైపు నుంచి ఏమేం వచ్చేవో మన జిల్లాల్లో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. సంక్రాంతి కోడిపందేలు చూడండి. చట్టం ఉంది, 2016లో హైకోర్టూ ఆపమంది. ఏటా బరులు లేస్తూనే ఉన్నాయి. జనం చేసేదాన్ని కాగితం మీద ఆపితే అది పోలీసు మామూళ్ళ దగ్గర తేలుతుంది.

మా తాతగారు పండక్కి కోడిపందెం కాసేవారు. మూడు రోజులు. కనుమ సాయంత్రానికి బరి పీకేసేవారు, మనిషి పొలానికి వెళ్ళిపోయేవాడు. ఫోన్లో బరి పీకేవాడెవడూ లేడు. అది నేనూ ఒప్పుకుంటాను. అందుకే పీకించే అధికారం ప్రభుత్వం చేతిలో ఉండాలంటే లైసెన్సు ఉండాలంటాను. రాత్రి పదకొండు తర్వాత ఆట మూసెయ్యి, రోజుకి ఇంతకు మించి కాయనివ్వకు అని చెప్పాలంటే చెప్పించుకునేవాడు ఒకడు ఉండాలి కదా.

డాబాగార్డెన్స్ క్యాషియర్:

మాస్టారూ, సారాకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. సారా తోటలో కాచుకోవచ్చు, కుండలో దాచుకోవచ్చు. పందెం యాప్ బ్యాంకు లేకుండా ఒక్క గంట బతకదు. ఆ 200 రూపాయలు ఎక్కడో ఒక ఖాతాలో పడాల్సిందే, ఆ ఖాతా తెరిచింది మాలాంటివాళ్ళమే.

పదిహేడేళ్ళుగా బ్యాంకు కౌంటర్లో ఉన్నాను. చదువుకునే కుర్రాడు ఖాతా తెరుస్తాడు. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము ఎవరికో ఇచ్చేసి నాలుగైదు వేలు తీసుకుంటాడు. అద్దెకిచ్చిన ఇల్లులాగే అనుకుంటాడు. పది రోజుల్లో అందులో లక్షలు తిరుగుతాయి, అన్నీ చిన్న చిన్న మొత్తాలే, ఎక్కువ రాత్రివేళే. తర్వాత పోలీసులు ఆ ఖాతా ఆపేస్తే కుర్రాడి తల్లి వచ్చి మా ముందు ఏడుస్తుంది. ఈ అమ్మాయి చెప్పిన టైలరింగ్ షాపు అలాంటిదే అయ్యుంటుంది. అర్ధరాత్రి దాటాక రెండు వందల మంది ఒక టైలరుకి డబ్బు ఎందుకు పంపుతారు? ఆ ప్రశ్న కంప్యూటర్ అడగగలదు, అడగాలి కూడా. డబ్బు దారి చూపించినవాళ్ళకీ మూడేళ్ళు, కోటి అని 2025 చట్టంలోనే ఉంది. వకీలు గారు ఆ ముక్క వదిలేశారు. నా దృష్టిలో చట్టం మొత్తంలో విలువైనది అదే. కుర్రాళ్ళని లాడ్జిల్లో పట్టుకుని ఫొటోలు తీయించడం కంటే అద్దె ఖాతాలు నడిపించే ముఠాల వెనక పడితే ఐడీల వాళ్ళకి ఊపిరాడదు.

పన్నుల ఆదాయం మాట ఇక్కడ ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఎత్తుతారు కాబట్టి ముందే చెబుతున్నా. 2023 అక్టోబరు నుంచి ఆడటానికి యాప్‌లో వేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వేశారు. ఖజానాకి డబ్బు వచ్చింది సరే, దానివల్ల ఆడేవాళ్ళు ఆడటం ఆపలేదు.

సీతమ్మధార వకీలు:

క్యాషియర్ గారూ, ఆ సెక్షన్ వదిలెయ్యడం నా తప్పే. నా వాదనకి అడ్డొచ్చే ఇంకో సంగతి కూడా దాచకూడదు. 2020లో బ్రిటన్ ఎగువసభ కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. ఆ పరిశ్రమ లాభాల్లో 60 శాతం దాకా 5 శాతం మంది నుంచే వస్తోందని, వాళ్ళు ఇప్పటికే వ్యసనంలో పడ్డవాళ్ళో, పడే ప్రమాదంలో ఉన్నవాళ్ళో అని అందులో ఉంది. లైసెన్సు, నిఘా సంస్థ అన్నీ ఉన్న దేశం మాట అది. మునిగినవాడే కంపెనీకి ఆదాయమైనప్పుడు వాణ్ణి ఒడ్డుకి లాగమని కంపెనీకే చెప్పడం ఎంతవరకు కుదురుతుందో నాకిప్పుడు సందేహంగానే ఉంది. లైసెన్సు అన్న మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. మన దగ్గర మాత్రం డబ్బు దారి బిగించాకే ఆ ఆలోచన. ఆడినవాడికి ఆరు నెలల జైలన్నది తీసెయ్యాలని మాత్రం ఏ సభలోనైనా అంటాను.

చినవాల్తేరు నర్సు:

ఇంతసేపూ చట్టమే నడిచింది, ఆ అబ్బాయి సంగతి కాసేపు చూద్దాం. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనే చేర్చింది. మందు మానలేనివాడికి ఎలా ఉంటుందో ఇతనికీ అలాగే ఉంటుంది. ఒట్టు వేయించుకుంటే తగ్గదమ్మా. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీకి తీసుకెళ్ళండి. రాత్రిపూట అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. జీతం కొన్నాళ్ళు మీ ఖాతాలో పడేట్టు చూడండి. ఒక లోన్ యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్ దగ్గర మాత్రం తీసుకోనివ్వొద్దు.

గాజువాక ఆడపడుచు:

అందరికీ దణ్ణాలు. కంచరపాలెం తమ్ముడూ, నువ్వు రాసింది మావాడికి చదివి వినిపించాను. పాయింట్ల సంగతి వచ్చేసరికి "ఆపక్కా" అన్నాడు. కాసేపయ్యాక వాడే మళ్ళీ చదవమన్నాడు.

నర్సు గారూ, మీరు చెప్పింది అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండుసార్లు అనిపించిందన్నాడు. నిన్న రాత్రి అమ్మ పక్కనే పడుకోబెట్టాం.

క్యాషియర్ గారూ, బ్యాంకుకి వెళ్ళి యూపీఐ పరిమితి తగ్గించమని వాడి చేతే రాయించాను. ఆ షాపుల పేర్లన్నీ తేదీల వారీగా రాశాను, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెబుతాను. వాడి మీద కేసు పెడతారేమోనని అమ్మ వద్దంటోంది. వకీలు గారూ, వీలైతే ఆ ఒక్క విషయం వివరంగా చెప్పండి. సోమవారం పొద్దున్న ఎనిమిదికి బస్సెక్కి ఆసుపత్రికి వెళ్తున్నాం, అప్పటిలోగా తెలిస్తే అమ్మకి ధైర్యంగా ఉంటుంది.