‘సామాజిక వర్గం’ అంటే కులమేనా?

ప్రశ్న:
“ఆయన ఫలానా సామాజిక వర్గానికి చెందిన నాయకుడు.” “టికెట్ల పంపిణీలో సామాజిక న్యాయం పాటించారు.” ఈ రెండు వాక్యాల్లోనూ ‘సామాజిక’ తీసేసి ‘కుల’ అని పెట్టి చదివినా అర్థం ఏమీ మారడం లేదు. సామాజికమంటే సమాజానికి సంబంధించినదనే కదా చదువుకున్నాం. ఈ మాట ఇలా ఎందుకు కుంచించుకుపోయింది? రాసేటప్పుడు ఏం వాడితే సరిగా ఉంటుంది?

జవాబు:
వ్యుత్పత్తిలో ఇబ్బందేమీ లేదండీ. ధర్మం ధార్మికమైనట్టు, వర్షం (అంటే సంవత్సరం) వార్షికమైనట్టు సమాజం సామాజికమైంది. అలంకారశాస్త్రంలో సామాజికుడంటే సభలో కూర్చుని నాటకం చూసే సహృదయుడు. మనం ఇప్పుడు వాడుతున్న అర్థానికి పాత తెలుగు మాట సాంఘికం. సాంఘిక శాస్త్రం, సాంఘిక సంక్షేమ శాఖ, సాంఘిక నాటకం, సంఘ సంస్కరణ అన్నీ అలా వచ్చినవే. బడిలోనూ ప్రభుత్వ శాఖల పేర్లలోనూ సాంఘికం నిలిచింది, రాజకీయాల్లో సామాజికం స్థిరపడింది. అక్కడే దాని పరిధి తగ్గింది. సామాజిక సమీకరణాలు, సామాజిక కోణం అన్నచోటల్లా ఉన్నది కులాల లెక్కే.

‘వర్గం’ కథ ఇంతకంటే ముఖ్యం. వర్గ పోరాటం అన్నప్పుడు వర్గమంటే భూమి ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య ఉన్న తేడా. సామాజిక వర్గం అనేసరికి ఆ తేడా కనపడకుండా పోయింది. ఊళ్లో సగం పొలమున్న ఆసామీ, అతని దగ్గర కౌలు చేసే రైతు ఒకే కులమైతే ఇద్దరిదీ ఒకటే ‘వర్గం’. కులం పేరు మీద ఓట్లు అడిగే రాజకీయానికి ఇంతకంటే అనువైన మాట దొరకదు.

జవాబు:
పత్రికల డెస్కులో ఈ మాట ఎలా పనిచేస్తుందో చెబుతాను. అనవసరంగా మనిషి కులం రాయవద్దని, ముఖ్యంగా ఆ కులాన్ని కించపరిచే సందర్భంలో రాయవద్దని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతుంది. మంచి నియమమే. ఆచరణలో మాత్రం కులం పేరు కొట్టేసి ‘ఒక సామాజిక వర్గం’ అని పెడుతున్నారు. ఇంటిపేరు, ఊరిపేరు అలాగే ఉంచుతున్నారు. చదివేవాడికి కులం తెలియనే తెలుస్తుంది.

దీనివల్ల అసలు నష్టం దాడుల వార్తల్లో జరుగుతుంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో మూడో సెక్షను వర్తించాలంటే బాధితుడు ఎస్సీ లేదా ఎస్టీ అయి ఉండాలి, నిందితుడు ఆ రెంటిలోనూ ఉండకూడదు. అంటే కులం అక్కడ నేర స్వరూపంలోనే భాగం. “రెండు సామాజిక వర్గాల మధ్య ఘర్షణ” అని రాస్తే కొట్టినవాళ్లూ తిన్నవాళ్లూ సమానమైపోతారు.

జవాబు:
సామాజిక న్యాయం అన్న నినాదం మీద నాకున్న అభ్యంతరం కూడా ఇదే. పెద్ద గొడుగులాంటి పేరు ఒకటి పెట్టి, దాని కింద ఉన్నవాళ్లందరూ ఒక్కటేనని నమ్మించడం. రాజ్యాంగ పీఠికలో న్యాయం పక్కన ఆర్థిక, రాజకీయ అన్న మాటలు కూడా ఉన్నాయి. నినాదంలో అవి రాలిపోయాయి. మిగిలినది జాబితాలో ఏ పేరు పక్కన ఏ కులం ఉందన్న లెక్క.

ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీల రిజర్వేషన్‌ను లోపలి గ్రూపులకు పంచడం, చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 59 కులాలకు కలిపి 15 శాతం రిజర్వేషన్. 2000 నాటి చట్టం దాన్ని ఏ (రెల్లి తదితరులు) 1, బి (మాదిగ తదితరులు) 7, సి (మాల తదితరులు) 6, డి (ఆది ఆంధ్ర తదితరులు) 1 శాతంగా పంచింది. 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఎస్సీలంతా ఒకే తరగతి, విడదీయకూడదని ఆ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 తేడాతో ఆ తీర్పును తిరగరాసింది. ఇరవై ఏళ్లు! ఆ ఇరవై ఏళ్లూ వాటా అడిగినవాళ్లు ఐక్యతను చీలుస్తున్నారనే మాట పడ్డారు. గుర్తింపు రాజకీయం తన లోపలి అసమానతను ఎదుర్కోవలసి వచ్చినప్పుడు ఐక్యత పేరుతో నోరు మూయించడం చాలా అన్యాయం.

జవాబు:
ఇక్కడ మీతో విభేదిస్తానండీ. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా, అంటే వర్గీకరణ కోరిన మాదిగల ఉద్యమం, కూడా గుర్తింపు ఉద్యమమే. దాచుకోమన్న కులం పేరును మనుషులు తమ పేరు చివర బాహాటంగా పెట్టుకున్నారు. అది లేకపోతే వర్గీకరణ అన్న మాటే పుట్టేది కాదు. పేరు చెప్పుకోవడాన్ని తప్పు పడితే అణిగి ఉన్నవాళ్లకు మిగిలేదేమిటి?

జవాబు:
పేరు చెప్పుకోవడాన్ని నేను తప్పు పట్టలేదు. దండోరా బలం పేరుతో పాటు లెక్క అడగడంలో ఉంది: ఎన్ని సీట్లు, ఎన్ని కొలువులు, ఎవరికి. ‘సామాజిక వర్గం’ ఆ రెండూ చేయదు. పేరు చెప్పదు, లోపలి లెక్కా చెప్పదు. ఇక పేరు చెప్పినంత మాత్రాన వాదన గెలిచినట్టు కాదు. ‘మీరు ఆ వర్గం కాదు, మాట్లాడకండి’ అనడం ఇప్పుడు చర్చల్లో మామూలైంది. అలా అన్నాక ఎదుటివాడు చెప్పిన అంకె తప్పో ఒప్పో చూసేవారే ఉండరు.

వర్గీకరణ కొత్త చట్టాల్ని కూడా అంకెలతోనే చదవాలి. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మూడు గ్రూపులు: 15 కులాలకు 1 శాతం, 18 కులాలకు 9, 26 కులాలకు 5. ఆంధ్రప్రదేశ్‌లో 12 కులాలకు 1, 18 కులాలకు 6.5, 29 కులాలకు 7.5. ఇవి చదువులకూ ఉద్యోగాలకే. శాసనసభలో రిజర్వు స్థానాలకు (ఆంధ్రలో 175కు 29, తెలంగాణలో 119కి 19) ఈ విభజన లేదు. కాబట్టి ‘ఎస్సీలకు ఇన్ని టికెట్లు’ అన్న వార్త చదివితే ఏ గ్రూపుకు ఎన్నో తేలదు. పైగా ఆ రిజర్వు స్థానాల్లో ఎస్సీలకు తప్ప ఇంకెవరికీ టికెట్ ఇవ్వడం కుదరదు. దాన్ని పార్టీ చేసిన న్యాయంగా రాయడం సరికాదు.

ప్రశ్న:
అయితే రాసేటప్పుడు ఎలా?

జవాబు:
ముందు ఆ సంగతికి కులంతో పని ఉందో లేదో చూడండి. రోడ్డు ప్రమాదం, పరీక్ష ఫలితం, దొంగతనం అయితే కులమూ వద్దు, సామాజిక వర్గమూ వద్దు. కులంతో పని ఉంటే సూటిగా ‘కులం’ అని రాయండి, పేరు రాయండి. రిజర్వేషన్ల విషయమైతే ‘బీసీలు’ దగ్గర ఆగకుండా ఏ, బి, సి, డి, ఇ గ్రూపుల్లో ఏదో చెప్పండి. డబ్బు, భూమి గురించైతే కౌలురైతులు, కూలీలు, భూస్వాములు అన్న మాటలు మనకు ఉండనే ఉన్నాయి. ‘సామాజిక న్యాయం పాటించారు’ అని ఎవరైనా అంటే కర్తనూ కర్మనూ పూరించి తిరగరాయండి: ఎవరు, ఏ కులంలో ఎవరికి, ఏ పదవి, ఎన్నింటిలో ఎన్ని. పూరించడం కుదరకపోతే ఆ వాక్యాన్ని కొటేషన్‌లో పెట్టి, అన్నవారి పేరుతోనే వేయండి.