ఇటుక బట్టీ నుంచి విడిపించాక వెట్టి కూలీలను ఎవరు చూసుకోవాలి? సర్కారా, స్వచ్ఛంద సంస్థలా?

రాయగడ_కిరాణా:
ఒడిశాలో రాయగడ స్టేషన్ దగ్గర కొట్టు నాది, ఏటా చూస్తున్నదే. నువాఖాయ్ పండగ రోజుల్లో సర్దార్లు, అంటే కూలీలను కుదిర్చే దళారులు, ఊళ్లలో అడ్వాన్సులు పంచుతారు. ఆ తర్వాత కాంటాబాంజీ, టిట్లాగఢ్ వైపు నుంచి మూటలు, గిన్నెలు, పసిపిల్లలతో జనం మన రాయగడ మీదుగా కిందికి బట్టీ పనికి దిగిపోతారు, వానల ముందు తిరిగొస్తారు. మా కొట్లో సరుకు మోసే అతని మేనల్లుడి కుటుంబాన్ని ఈమధ్య తెలంగాణలో ఒక బట్టీ నుంచి అధికారులు విడిపించారు. పక్కన ఒక సంస్థవాళ్లు కూడా ఉన్నారట, ఫొటోలు తీశారు, రైలెక్కించారు, అంతే. వెట్టి నుంచి విడిపించినట్టు రాసిచ్చే విడుదల పత్రం ఎవరూ చేతికివ్వలేదు. ఇక్కడి ఆఫీసులో పత్రం ఏదీ అంటున్నారు, అక్కడికి ఫోన్ చేస్తే మీ జిల్లా చూసుకుంటుందంటున్నారు. అసలు వీళ్ల బాధ్యత ఎవరిది?

విశ్రాంత_గుమాస్తా_జయపురం:
ఇందులో చర్చ ఏముందండీ. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం బాధ్యత జిల్లా మేజిస్ట్రేటుది. విడుదల పత్రం సంస్థ ఇచ్చేది కాదు, దొరికిన చోటి మేజిస్ట్రేటు ఇవ్వాలి. తక్షణ సాయం 20 వేలు అక్కడే ఇస్తారు. మిగతాది, అంటే మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షలు, తర్వాత వస్తుంది. ఈ సంస్థలు మధ్యలో దూరడం వల్లే ఫైళ్లు చెడుతున్నాయి. ముప్పై ఏళ్లు ఆఫీసులో కూర్చున్నవాణ్ణి, నాకు తెలీదా.

బరంపురం_వాణి:
20 వేలు కాదు మాస్టారూ, 30 వేలు. 2022 నుంచి మారింది. పునరావాస పథకమే పూర్తిగా తెలియనివాళ్లు ఆఫీసుల్లో కూర్చుంటే ఫైళ్లు ఎందుకు చెడవు?

విశ్రాంత_గుమాస్తా_జయపురం:
2016 పథకంలో 20 వేలే అమ్మా. నేనే టైపు చేశాను.

బరంపురం_వాణి:
2016లో 20, ఇప్పుడు 30. ఇప్పుడు విడిపించినవాళ్ల గురించి కదా మాట్లాడుతున్నాం.

స్టేషన్_రోడ్డు_ఆటో:
ఇరవయ్యో ముప్పయ్యో, వాళ్ల చేతికి ఎంత వచ్చింది?

రాయగడ_కిరాణా:
సున్నా.

విశ్రాంత_గుమాస్తా_జయపురం:
సరే, 30 అనుకుందాం. సంస్థల సంగతి చెప్పనివ్వండి. 2018లో బీహార్ ముజఫర్‌పూర్‌లో ఏమైంది? స్వచ్ఛంద సంస్థ హోమ్ అనే పేరుతో ఆడపిల్లలపై ఎలా అత్యాచారాలు చేశారో దేశమంతా చూసింది. నడిపినవాడికి యావజ్జీవం పడింది. నేను డ్యూటీలో ఉండగా ఒక సంస్థవాళ్లు మేము చేసిన పని తమ ఖాతాలో వేసుకుని, చివరికి ఆఫీసే అడ్డుపడుతోందని పైకి ఫిర్యాదు రాశారు. నాకు మెమో వచ్చింది. ఆ కడుపుమంట ఇంకా ఉంది, దాచుకోను.

బరంపురం_వాణి:
ముజఫర్‌పూర్ హోమ్ నడిచింది సర్కారు డబ్బుతో. తనిఖీకి వెళ్లాల్సింది సర్కారు అధికారులు. బయటపెట్టింది టాటా సామాజిక శాస్త్రాల సంస్థ చేసిన ఆడిట్. ఆ సగం మీరు చెప్పరు.

నేనూ ఒక హోమ్‌లో పనిచేశాను, పేరు ఎందుకులెండి. అమ్ముడుపోయిన ఆడవాళ్లను, పిల్లలను కాపాడి హోమ్‌లో ఉంచడానికి 2007లో వచ్చిన ఉజ్జ్వల పథకం (గ్యాస్ పథకం కాదు) అసలు నడిచిందే సంస్థల చేత, ఇప్పుడు అది శక్తి సదన్ అయింది. గ్రాంటు నెలల తరబడి రాకపోతే కూరగాయలవాడికి అప్పు పెట్టింది మేము, జీతం లేకుండా రాత్రి డ్యూటీలు చేసింది మేము. ఏ పిల్ల ఏ రాత్రి ఉలిక్కిపడి లేస్తుందో ఏ ఫైలులోనూ ఉండదు. డబ్బు సర్కారుది, మనుషులు మా సంస్థలవాళ్లు, అలాగే నడిచింది, అలాగే నడవాలి.

పర్లాకిమిడి_పంతులు:
వాణిగారూ, ఒకటి అడుగుతాను కోపగించుకోకండి. మీ హోమ్ గేటుకు తాళం ఉండేదా?

బరంపురం_వాణి:
ఉండేది. దళారులు గోడ బయటే తిరుగుతుంటే తీసి పెట్టమంటారా? పైగా వ్యభిచారపు రవాణాను ఆపే 1956 చట్టం కింద మేజిస్ట్రేటు ఆర్డరు ఉంటే పంపడానికి మేమెవరం.

పర్లాకిమిడి_పంతులు:
ఇంటికెళతానని ఏడ్చినవాళ్లు లేరా?

బరంపురం_వాణి:
ఉన్నారు. ఆ ఇంటివాళ్లే అమ్మినవాళ్లయితే ఎక్కడికి పంపాలి? బయట నుంచి అడగడం తేలిక.

గుణుపూర్_కుర్రాడు:
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. మా బాబాయి ఒక బట్టీలో భాగస్తుడు. ఒక్కో పథూరియాకి, అంటే మొగుడూ పెళ్లాం ఇంకో మనిషి కలిపి ఒక జట్టుకి, సీజన్‌కు ముందే అడ్వాన్సు ఇస్తాడు. సగంలో రైలెక్కేస్తే ఆ డబ్బు ఎవరిస్తారు? ఇష్టపడి వేలిముద్ర వేసి తీసుకున్నారు, ఎవరూ ఎత్తుకుపోలేదు. దీన్ని కూడా ట్రాఫికింగ్, మనుషుల అక్రమ రవాణా అంటే ఎలా?

విశ్రాంత_గుమాస్తా_జయపురం:
బాబు చెప్పినదాంట్లో తప్పేముంది? నేను చూసినంతలో పునరావాసం డబ్బు తీసుకున్న కుటుంబమే రెండో ఏడు మళ్లీ అదే సర్దార్ వెంట పోయింది. వీళ్లలో సగం మంది బాధితులు కారు, మామూలు వలస కూలీలు. అందరికీ పత్రం రాసి ఇస్తే చట్టానికి విలువేం ఉంటుంది?

రాయగడ_కిరాణా:
ఇదన్నమాట! ఇంతసేపూ సంస్థల వల్ల ఫైలు చెడుతోందని చెప్పి, ఇప్పుడు అసలు మాట బయటపెట్టారు. మీ దృష్టిలో వాళ్లు బాధితులే కారు. అందుకే ఏ ఆఫీసూ 'వెట్టి' అనే మాట రాయదు, 'వేతన వివాదం' అని రాసి చేతులు దులుపుకుంటుంది. ఆ మేనల్లుడు ఊళ్లో చావుకి వెళ్లొస్తానంటే పెళ్లాన్నీ పిల్లాణ్ణీ అక్కడ వదిలి వెళ్లమన్నారు. ఇది ఇష్టమా? 2013లో పనికి వెళ్లనన్న కలహండి కూలీలిద్దరి చేతులు నరికారు. అదీ ఇష్టమేనా?

గుణుపూర్_కుర్రాడు:
మా బాబాయి ఎవరి చేయీ నరకలేదు.

బరంపురం_వాణి:
నరికాడని ఎవరన్నారు? చట్టం చదువుకో తమ్ముడూ. వెట్టి అని తేలితే ఆ అప్పు రద్దు, అడిగే హక్కే లేదు. వెట్టి కాదని రుజువు చేయాల్సింది డబ్బిచ్చినవాడు, కూలివాడు కాదు. ట్రాఫికింగ్ సెక్షన్‌లో బాధితుడి ఒప్పుదల లెక్కలోకే రాదు, పాత శిక్షాస్మృతి 370లోనూ అంతే, ఇప్పటి న్యాయ సంహిత 143లోనూ అంతే. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకుంటే అది బలవంతపు చాకిరీయేనని, ఆకలి కూడా బలవంతమేనని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది, ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో.

పర్లాకిమిడి_పంతులు:
బట్టీ కూలివాడి ఒప్పుదల లెక్కలోకి రాదన్నారు, హోమ్‌లో అమ్మాయి 'వెళతాను' అన్నదీ లెక్కలోకి రాలేదు. గుమాస్తాగారేమో వాళ్లు ఇష్టంగానే వెళ్లారు కాబట్టి ఏమీ ఇవ్వక్కర్లేదంటారు. వాళ్లను అడిగినవాళ్లు మీలో ఎవరు?

బరంపురం_వాణి:
రెండూ ఒకటి కాదు పంతులుగారూ. పదహారేళ్ల పిల్లను అడిగి పంపేయమంటారా?

పర్లాకిమిడి_పంతులు:
ముప్పై ఏళ్ల మనిషి గురించి అడిగాను.

స్టేషన్_రోడ్డు_ఆటో:
రెండో ఏడు ఎందుకు పోతారో నేను చెబుతా. బలంగీర్, నువాపడా, కలహండి, బర్గఢ్‌లలో వలస బ్లాకులకు ఉపాధి హామీ 300 రోజులన్నారు. మన రాయగడ ఆ లిస్టులోనే లేదు. ఇక్కడ పనిలేదు, సర్దార్ మాత్రం ఇంటికొచ్చి డబ్బు చేతిలో పెడతాడు. ఆఫీసు ఇంటికి రాదు, సంస్థ కెమెరాతో వస్తుంది.

విశ్రాంత_గుమాస్తా_జయపురం:
నేను వాళ్లకు వ్యతిరేకిని కాను, ఆ మాట వెనక్కి తీసుకోండి కిరాణాగారూ.

రాయగడ_కిరాణా:
తీసుకోను. పని అయితే చూద్దాం. సోమవారం ఆఫీసులో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వాళ్లను తీసుకెళుతున్నా. ఏం రాయాలో చెప్పండి, ముప్పై ఏళ్లు కూర్చున్నారు కదా.

విశ్రాంత_గుమాస్తా_జయపురం:
ఒడియాలో రాయించండి, తెలుగు అర్జీ టేబుల్ మీదే ఉండిపోతుంది. బట్టీ ఉన్న మండలం, జిల్లా, విడిపించిన తేదీ, అడ్వాన్సు ఎంత, ఎవరిచ్చారు, బయటికి పోనివ్వలేదన్న సంగతి, అన్నీ ఉండాలి. 'వేతన వివాదం' అనే మాట ఎక్కడా రానివ్వొద్దు. అక్కడి మేజిస్ట్రేటుకు ఇక్కడి కలెక్టరు ఉత్తరం రాసి పత్రం తెప్పించాలని అడగండి. రసీదు లేకుండా కదలొద్దు. సంస్థవాళ్లను వెంట తీసుకెళ్లకండి.

బరంపురం_వాణి:
తీసుకెళ్లండి. ఆ రోజు అక్కడున్న సాక్షులు వాళ్లే, వాళ్ల ఫొటోల్లో తేదీ ఉంటుంది.

గుణుపూర్_కుర్రాడు:
అడ్వాన్సు సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.