ఆఫీసు అయ్యాక సింహాచలం మెట్లు ఎక్కేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

దువ్వాడ_కుర్రోడు:
దువ్వాడలో జాబ్, నాలుగున్నరకి షిఫ్ట్ అయిపోద్ది. ఈమధ్య వారంలో రెండు మూడు సాయంత్రాలు ఇంటికెళ్ళకుండా డైరెక్టుగా కొండ కింద అడివివరం వచ్చేసి, మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర బండి పెట్టి మెట్లెక్కుతున్నా. జిమ్ బదులు అనుకుని మొదలెట్టిందే గానీ ఇప్పుడు ఎంత ఇష్టం వచ్చేసిందంటే లంచ్ టైమ్ నుంచే మనసు కొండ మీదుంటోంది. ఎక్కేటప్పుడు ఏం ఇబ్బంది లేదు, దిగొచ్చాక మర్నాడే తొడలు పట్టేస్తున్నాయి, ఏం చెయ్యాలి? ఇంకోటి, చలికాలంలో చీకటి తొందరగా పడిపోద్ది కదా, రెగ్యులర్‌గా వెళ్ళేవాళ్ళు అప్పుడేం చేస్తారు?

గోపాలపట్నం_గురు:
తొడలు పట్టేది ఎక్కినందుకు కాదు గురూ, దిగినందుకు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువంతా ఆపాలి, అందుకే ఎక్కువ నలుగుద్ది, ఆ నొప్పి కూడా అప్పుడు తెలీదు, ఒకట్రెండు రోజులకి బయటపడుద్ది. కొన్నాళ్ళు పైకి మెట్ల మీద వెళ్ళి దర్శనం చేసుకుని ఘాట్ రోడ్ బస్సులో కిందికొచ్చేసి బండి తీసుకో, తర్వాత మెల్లిగా దిగడం అలవాటు చెయ్. వెయ్యి మెట్ల దారి, పరుగు పెట్టక్కర్లేదు, పక్కనోడితో మాట్లాడుతూ ఎక్కగలిగితే అదే కరెక్ట్ స్పీడు. మన ఉక్కపోతకి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఇంకా నెమ్మది, వాటర్ బాటిల్ మస్ట్.

చీకటి సంగతంటావా, వైజాగ్ తూర్పున ఉంది కదా, జూన్‌లో ఆరున్నర దాకా వెలుగుంటది గానీ నవంబర్ ఆఖర్లో 5.20కే సూర్యుడు దిగిపోతాడు. అప్పుడు తలకి కట్టుకునే లైటు పెట్టుకుని ఇద్దరు ముగ్గురు కలిసే వెళ్ళాలి, తుప్పల్లోకి అస్సలు అడుగెయ్యకు, పాములుంటాయి.

కొండకింద_అమ్మాయి:
నేనూ మా ఆడపడుచూ సాయంత్రాలే వెళ్తాం అన్నయ్యా. మేం చెప్పుల్లేకుండానే ఎక్కుతాం, ఐదు దాటాక రాయి వేడి తగ్గి అరికాళ్ళకి హాయిగా గోరువెచ్చగా తగుల్తది, నాకైతే సగం ఆనందం అందులోనే ఉంది. మొక్కున్నోళ్ళు మెట్టుమెట్టుకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి కర్పూరం వెలిగిస్తారు కదా, చినుకు పడిందంటే ఆ పసుపు మీద కాలు జర్రున జారుద్ది, బొట్టు లేని పక్కగా అడుగెయ్యండి, వాళ్ళ పూజ తొక్కినట్టు కూడా ఉండదు. పైకెళ్ళాక గంగధార అనే కొండ ఊట నీళ్ళతో మొహం కడుక్కుంటే ఆఫీసులో ఎవరేమన్నారో కూడా గుర్తుండదు నిజంగా. అక్షయతృతీయకి చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ ఉంటాయి, ఆ రోజుల్లో మాత్రం ఎక్సర్‌సైజ్ కోసం రావద్దు, అవి భక్తులవి.

వాంకోవర్_వైజాగోడు:
చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది! ఇక్కడ కెనడా వాంకోవర్‌లో గ్రౌస్ గ్రైండ్ అని ఒక నిట్టనిలువు దారి ఉంది, రెండున్నర కిలోమీటర్లలో దాదాపు 800 మీటర్లు ఎక్కేస్తాం, 2,830 మెట్లంటారు. సమ్మర్‌లో తొమ్మిది దాటినా వెలుగుంటది కాబట్టి ఆఫీసులు వదలగానే జనం బ్యాగు భుజాన వేసుకుని వచ్చేస్తారు. ఆ దారిలో దిగనివ్వరు, పైనుంచి రోప్‌వే లాంటి గొండోలాలో రావాల్సిందే, అందుకే గురు గారు చెప్పిన బస్సు ఐడియా చాలా మంచిది బ్రో, మొహమాటపడకు. నేనూ వారం వారం వెళ్తా, ఒకే దారి కాబట్టి ఏ మలుపు దగ్గర ఊపిరి అందదో, ఎక్కడ మళ్ళీ కుదురుకుంటదో ఒంటికే తెలిసిపోద్ది, అదొక గొప్ప సుఖం. కానీ పైకెళ్ళాక గుడి గంట ఉండదు, పులిహోర ఉండదు, సింహాచలం అనాసపళ్ళు అసలే ఉండవు.

దువ్వాడ_కుర్రోడు:
అందరికీ చాలా థాంక్స్. ఈ నెలంతా బస్సులోనే దిగుతా, లైటు ఇవాళే కొంటా. గురువారం ఐదింటికి తొలిపావంచా దగ్గరుంటా గురూ, మీరూ రండి, కలిసెక్కుదాం.